పులుసొకటే, లోగోలు మూడు

నెల్లూరు బయట, పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన ఒక చేపల పులుసు మెస్సు ఉంది. పేరు చెప్పను. చెబితే ఈ వ్యాసాన్ని కూడా బ్రాండింగ్ ఖాతాలో రాసేసుకుంటారు. మొన్నమొన్నటి దాకా దాని బోర్డు మీద ఒక చేప ఉండేది. రేకు మీద ఎనామిల్ పెయింటుతో వేసిన చేప. కొరమేనా, బొచ్చా అంటే వేసినవాడు కూడా చెప్పలేడు. మీసాలు మాత్రం ఘనంగా ఉండేవి. కన్ను రోడ్డు మీద పోయేవాళ్లని పేరు పెట్టి పిలిచినట్టు చూసేది. ఇప్పుడా చేప లేదు. దాని చోట బూడిదరంగు సున్నా, సున్నాలో సగంలో తెగిపోయిన ఒక వంపు గీత. లోగో అట.

ఆ లోగోకి పురుడు పోసినప్పుడు నేను అక్కడే ఆకు ముందు కూర్చుని ఉన్నాను. హైదరాబాదు నుంచి వచ్చిన బ్రాండ్ కన్సల్టెంటు కౌంటరు మీద సోంపు గిన్నె పక్కకి జరిపి లాప్‌టాప్ తెరిచాడు. "సార్, మీ టార్గెట్ ఆడియన్స్ ఎవరు?" అన్నాడు.

"ఆకలైనోళ్లు నాయనా" అన్నాడు ఓనరు.

కన్సల్టెంటు జాలిగా నవ్వాడు. ఆకలి మరీ పాత పద్ధతి అట. జనాన్ని ముందు ముక్కలు చెయ్యాలట. చేపల్ని ముక్కలు చెయ్యడం ఓనరుకి చిన్నప్పట్నుంచీ అలవాటే కాబట్టి సరే అన్నాడు.

మొదటి ముక్క, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో కాఫీ కప్పు. చేపల పులుసుకి కాఫీతో ఏం సంబంధమో అడక్కూడదు. రెండో ముక్క, సోఫాలో కూర్చుని పకపకా నవ్వుతున్న నలుగురు. గొంతులో ముల్లు ఇరుక్కోవడమంటే ఏమిటో ఆ కుటుంబానికి తెలిసినట్టు లేదు. మూడో ముక్క, ఎయిర్‌పోర్టులో కోటు వేసుకున్న గ్లోబల్ తెలుగువాడు. ముగ్గురికీ మూడు లోగోలు. కుర్రాడికి ఒట్టి వంపు. కుటుంబానికి అదే వంపు, పక్కన ఒక ఆకు. గ్లోబల్‌ వాడికి ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం, సెంటు సీసా మీద ఉంటుందే, అట్లాంటిది.

"ఆకెందుకబ్బయ్యా? కరేపాకా?"

"కాదు సార్, ఫ్రెష్‌నెస్. అది ఒక ఫీలింగ్."

"మరి చేపేదీ?"

"అదే సార్ ఇందులో గొప్ప! చేపని చూపించకుండా చేపని ఫీల్ చేయిస్తున్నాం."

"పులుసులో కూడా అట్టాగే చెయ్యమంటావా?"

కన్సల్టెంటు దీన్ని సలహాగా రాసుకున్నాడని నా అనుమానం. తర్వాత వంపుకి టీకాతాత్పర్యాలు మొదలయ్యాయి. ఆ వంపు చేప తోక. అదే పెన్నా మలుపు. అదే తిన్నవాడి చిరునవ్వు. పులుసు బకెట్టుతో అటు పోతున్న సప్లయరు ఆగి, తల వంచి చూసి, "అన్నా, గ్యాసు పైపు లాగుండాదే" అన్నాడు. అతను టార్గెట్ ఆడియన్స్ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రంగుల దగ్గర ఇంకో గొడవ. పాత బోర్డులోని నీలం ఆకలిని చంపేస్తుందని సైకాలజీ చెప్పిందట. "మైపాడు సముద్రం చూస్తే నాకు ఆకలేస్తాదే" అన్నాడు ఓనరు. అదీ లెక్కలోకి రాలేదు.

ఫలితం? రోడ్డు వైపు కుర్రాడి వంపు, ఏసీ హాలు మీద ఆకు, పార్శిలు కవరు మీద అక్షరం. లోపల పొయ్యి ఒకటే, బాన ఒకటే, మామిడికాయ ముక్కలు ఒకటే. ఆకు బొమ్మ వైపు ముక్కలు పెద్దవి వేస్తారని అప్పుడే ఒక పుకారు పుట్టింది. అసలు దెబ్బ తిన్నది లారీ డ్రైవర్లు. తమిళనాడు నుంచో ఒరిస్సా నుంచో వచ్చేవాళ్లు, తెలుగు చదవడం రానివాళ్లు, ఇన్నాళ్లూ ఆ మీసాల చేపని చూసి బ్రేకు వేసేవాళ్లు. ఇప్పుడది సెల్‌ఫోను షాపో, పళ్ల డాక్టరో అనుకుని ముందుకు పోతున్నారు.

నెల్లూరోడు కాబట్టి మోసపోయాడనుకుంటే పొరపాటు. 2009లో అమెరికాలో ట్రాపికానా వాళ్లు జ్యూసు డబ్బా మీద స్ట్రా గుచ్చిన నారింజ పండుని తీసేసి, నాజూగ్గా ఒక గ్లాసు బొమ్మ పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు 20 శాతం పడిపోయాయి. పండుని బతిమాలి వెనక్కి తెచ్చుకున్నారు. అంతకు ముందు ఏడాది పెప్సీ లోగో మార్చినప్పుడు డిజైన్ సంస్థ రాసిన పత్రం ఒకటి బయటపడింది. అందులో మోనాలిసా ఉంది, భూమి అయస్కాంత క్షేత్రం ఉంది, విశ్వవ్యాకోచం ఉంది. కూల్‌డ్రింకు ఒక్కటే కాస్త వెనకబడింది. నైకీ వంపు మాత్రం 1971లో కరొలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని గీస్తే ఇచ్చింది 35 డాలర్లు. ఆ అమ్మాయి దాన్ని ఏ నది మలుపుతోనూ పోల్చినట్టు లేదు.

గుర్తు అంటే ఏమిటో మనకి ఒకరు వచ్చి నేర్పాలా? 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు పెట్టినప్పుడు ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. చాలామందికి చదువు లేదు. వాళ్లకోసమే గుర్తులు పుట్టాయి. తర్వాత ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేఠీ అనే ఉద్యోగి పెన్సిలు పట్టుకుని దువ్వెన, బకెట్టు, కుర్చీ లాంటి ఇంట్లో సామాన్లన్నీ గీసిపెట్టారు. స్వతంత్ర అభ్యర్థులు ఇప్పటికీ వాటితోనే నిలబడుతున్నారు. బకెట్టు బకెట్టులాగే ఉంటుంది. ఫీల్ అవ్వక్కర్లేదు. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం ఉంది చూడండి, తలకిందులుగా, దాన్ని గుర్తుపట్టని ముసలమ్మ మా జిల్లాలో లేదు.

ఇక సెగ్మెంటేషన్, అదే జనాన్ని ముక్కలు చెయ్యడం అంటారా, మా నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, కోరిక కోరుకుని రొట్టె పుచ్చుకునే రొట్టెల పండక్కి రండి. స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, వీసా రొట్టె, దేని చోటు దానిదే. లక్షల మంది వస్తారు. పెళ్లి రొట్టె మీద పూలు, వీసా రొట్టె మీద విమానం బొమ్మ ఉండవు. రొట్టె రొట్టెలాగే ఉంటుంది. ఎవరికి కావాల్సింది వాళ్లు అడిగి పుచ్చుకుంటారు.

చూసేవాణ్ణి బట్టి గుర్తు గీయడం తప్పని నేననడం లేదు. ప్యాకెట్ల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేవి. రంగులు తేడా తెలియనివాళ్లు ఏం కావాలి? అందుకే మాంసాహారం గుర్తుని త్రికోణం చేశారు. ఎవరికి ఇబ్బందో కనుక్కుని, వాళ్లకోసం మార్చిన మార్పు అది. అందులో పెన్నా మలుపులు లేవు.

కానీ ఒంగోలు వైపు మిరప చేలల్లోకి వెళ్లి పురుగుమందు డబ్బా ఒకటి చేతిలోకి తీసుకోండి. డబ్బా నిండా నిగనిగలాడే పచ్చటి చేను, బంగారు అక్షరాలతో ఇంగ్లీషు పేరు, మీసం తిప్పుతున్న రైతు. ఆ అలంకారమంతా ఎవరికోసం? డీలరుకోసం, కొనే ఆసామికోసం. మందు కంపెనీలు వాళ్లని ముక్కలు ముక్కలుగా చదివాయి. మరి మూతికి తువ్వాలు చుట్టుకుని, వీపున ట్యాంకు మోస్తూ మందు కొట్టే కూలీ ఏ స్లైడులో ఉన్నాడు? ఎక్కడా లేడు. ప్రాణం పోతే పోయేది వాడిదే.

వాడికోసం చట్టం ఒక గుర్తు పెట్టించింది. మొన మీద నిలబెట్టిన నలుచదరం. కింది సగంలో ఎరుపుంటే అత్యంత విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా విషమే, కాస్త తక్కువ విషం, అంతే. మరి ఆ ఆకుపచ్చని చూసి కూలీ ఏమనుకుంటాడు? ఆకు బొమ్మ వేసి ఫ్రెష్‌నెస్ అని ఊళ్లకు ఊళ్లకు పాఠం చెప్పింది ఎవరు? "పచ్చదే కదా, ఏం కాదులే" అని వాడు అదే చేత్తో బీడీ వెలిగించుకుంటే ఆ తప్పు వాడిదంటారా? జాగ్రత్తలన్నీ లోపలి కాగితం మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. చదువుకున్న నాకే భూతద్దం కావాలి.

ఆ నలుచదరం లేబులు ముఖంలో పదహారో వంతుకి తగ్గకూడదని నిబంధన. తగ్గకూడదంటే పెంచకూడదని కాదు. కంపెనీలకి మాత్రం అట్లాగే అర్థమైంది. మిగతా పదిహేను వంతుల్లో మీసం తిప్పే రైతు ఎందుకయ్యా? తీసెయ్యండి వాణ్ణి. ఆ బంగారు అక్షరాలు కూడా తీసెయ్యండి. పుర్రె వెయ్యండి, డబ్బా ముఖం నిండా, గట్టు మీద నుంచి చూసినా కనపడేట్టు వెయ్యండి. పక్కన చేతికి తొడుగు, మూతికి గుడ్డ బొమ్మలు వెయ్యండి. సేల్సు పడిపోతాయంటారా? పడిపోనీండి.