ఐదు కార్లకే వర్తించే రూలా?

అబూధాబీలో 2021 డిసెంబర్ 12, ఆదివారం జరిగిన ఫార్ములా వన్ కార్ల సీజన్ ఆఖరి రేసు మీద ‘అపార్థం’ నెలకొందట. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్‌ఐఏ బుధవారం ఇచ్చిన ప్రకటనలో ఉన్న మాట ఇది. పోటీదారులు, జట్లు, అభిమానులు అపార్థం చేసుకున్నారని, ఈ వాదోపవాదాల వల్ల ఛాంపియన్‌షిప్ పరువు పోతోందని ఆ సంస్థ వాపోయింది. గురువారం, ఓడిన లూయిస్ హామిల్టన్ జట్టు మెర్సిడెస్ ఫలితం మీద అప్పీలు ఆలోచన మానుకుంది. అదే రాత్రి పారిస్‌లో బహుమతుల సభ జరిగింది. హామిల్టన్ వెళ్లలేదు, జట్టు అధిపతి టోటో వోల్ఫ్ కూడా వెళ్లలేదు. ఆఖరి చుట్టులో అతన్ని దాటి ప్రపంచ ఛాంపియన్ అయిన మాక్స్ వెర్‌స్టాపెన్ ట్రోఫీ అందుకున్నాడు. దీంతో వ్యవహారం ముగిసిందని ఎఫ్‌ఐఏ అనుకుంటే పొరపాటే. ఇక్కడ ఎవరూ దేన్నీ అపార్థం చేసుకోలేదు. అందరికీ అంతా స్పష్టంగా అర్థమైంది కాబట్టే ఇంత కోపం.

ఆదివారం సాయంత్రం ఆరున్నరకు టీవీ ముందు కూర్చున్న మన పాఠకులకు ఆ ఆఖరి ల్యాపుల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 58 ల్యాపుల, అంటే చుట్ల, రేసు. 53వ ల్యాపులో నికోలస్ లతీఫీ కారు గోడను గుద్దుకునేదాకా హామిల్టన్ 11 సెకన్లకు పైగా ముందున్నాడు. ప్రమాదం జరిగినప్పుడు అందర్నీ తన వెనకే నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వచ్చింది. వెర్‌స్టాపెన్ పిట్‌లోకి వెళ్లి వేగంగా వెళ్లే కొత్త సాఫ్ట్ టైర్లు వేయించుకున్నాడు. హామిల్టన్‌వి 40 ల్యాపులకు పైగా తిరిగిన హార్డ్ టైర్లు. ఇద్దరి మధ్యా ఒక ల్యాపు వెనకబడిన కార్లు ఐదు. అంతవరకూ జరిగింది రేసింగే. అదృష్టమూ దురదృష్టమూ ఆటలో ఉంటాయి, వాటికి ఎవర్నీ తప్పు పట్టలేం.

అభ్యంతరమల్లా ఆ తర్వాత జరిగినదాని గురించే. వెనకబడిన కార్లు ముందుకు వెళ్లడానికి వీల్లేదని రేస్ డైరెక్టర్ మైకేల్ మాసి మొదట సందేశం పంపారు. కాసేపటికి మనసు మార్చుకున్నారు. పోనీ, మార్చుకున్నాక నిబంధన ప్రకారమైనా నడిచారా? 2021 నాటి స్పోర్టింగ్ రూల్సులో 48.12 అనే నిబంధన ఉండేది. వెనకబడిన కార్లు సేఫ్టీ కారును దాటి వెళ్లాలని, వాటిలో చివరిది కూడా దాటాక, ఆ తర్వాతి ల్యాపు పూర్తయ్యాకే సేఫ్టీ కారు లోపలికి రావాలని అది చెప్పేది. మాసి పంపింది హామిల్టన్‌కూ వెర్‌స్టాపెన్‌కూ మధ్య ఉన్న ఐదింటిని మాత్రమే. మిగిలినవి ఎక్కడివక్కడే. సేఫ్టీ కారు అదే ల్యాపులో లోపలికి వచ్చేసింది. మూడో స్థానంలో ఉన్న కార్లోస్ సైంజ్ ముందు మాత్రం వెనకబడిన కార్లు అలాగే అడ్డం ఉన్నాయి. రెండో స్థానంలో ఉన్నవాడికి దారి చేసిపెట్టి, మూడో స్థానంలో ఉన్నవాడికి చేయకపోవడం ఏ పుస్తకంలో ఉంది?

‘ఏ కారైనా’ అని రాసి ఉంటే ‘అన్ని కార్లూ’ అని అర్థం కాదని వెర్‌స్టాపెన్ జట్టు రెడ్‌బుల్ ఆ రాత్రి స్టీవార్డుల (రేసు తగవులు తీర్చే అధికారుల) ముందు వాదించింది. గెలిచినవాళ్లు ఎలాగైనా వాదిస్తారు. కానీ అదే రూలుకు మాసి చెప్పిన అర్థం మన ముందుంది. 2020 అక్టోబర్‌లో నూర్‌బర్గ్‌రింగ్ రేసులో సేఫ్టీ కారు మరీ ఎక్కువసేపు తిరిగిందని డ్రైవర్లు విసుక్కుంటే, వెనకబడిన కార్లన్నింటినీ ముందుకు పంపాలని రూల్సులో ఉంది కాబట్టే ఆలస్యమైందని ఆయనే సమాధానం చెప్పారు. పద్నాలుగు నెలల కిందట ‘అన్నీ’ అయినది ఇప్పుడు ‘ఐదు’ ఎలా అయింది? 48.12 పూర్తిగా అమలు కాకపోయి ఉండొచ్చని స్టీవార్డులే తమ తీర్పులో రాశారు. సేఫ్టీ కారు విషయంలో రేస్ డైరెక్టర్‌కు సర్వాధికారాలు ఉన్నాయన్న మరో నిబంధన చూపించి, మెర్సిడెస్ ప్రొటెస్టు కొట్టేశారు. ఈ తీర్పు చెబుతున్నదేమిటి? నియమావళిలో ఎన్ని పేజీలున్నా, ఒక మనిషి ఆ క్షణంలో ఏమనుకుంటే అదే నియమం. మమ్మల్ని అన్నిటికంటే భయపెడుతున్నది ఈ మాటే.

వెర్‌స్టాపెన్ అర్హుడేనని, ఏడాదిలో పది రేసులు గెలిచాడని, సేఫ్టీ కారు వెనక రేసు ముగియకూడదని జట్లే లోగడ ఒప్పుకున్నాయని కొందరంటున్నారు. అతని ప్రతిభ మీద మాకు ఏ అనుమానమూ లేదు. కానీ జట్లు నోటిమాటగా ఒప్పుకున్నది రూలు కాదు. పైగా రేసు ఉత్కంఠగా ముగియాలంటే పద్ధతి ప్రకారం వెళ్లే దారి ఒకటి ఉంది. జూన్‌లో బాకూలో ఇదే వెర్‌స్టాపెన్ టైరు పేలి గోడకు తగిలినప్పుడు ఎర్రజెండా చూపి రేసు ఆపారు. అందరూ టైర్లు మార్చుకుని గ్రిడ్ మీద నిలబడ్డారు. మిగిలిన రెండు ల్యాపులూ మళ్లీ మొదటినుంచి పోటీగా నడిచాయి. ఆ రోజు బ్రేకులు లాకై, పాయింట్లు పోగొట్టుకున్నది హామిల్టనే. రూలు అందరికీ ఒకటే కాబట్టి అప్పుడు ఎవరూ నోరెత్తలేదు. ఆ దారి అబూధాబీలో ఎందుకు గుర్తుకు రాలేదు?

ఈ రోగం ఒక్క ఫార్ములా వన్‌కే పరిమితమైతే ఇంత కంగారు పడేవాళ్లం కాదు. ఈ ఒక్క సీజన్‌లోనే ట్రాక్ మీద తేలాల్సిన లెక్క ట్రాక్ బయట తేలడం ఎన్నిసార్లు చూశాం? అక్టోబర్ 10న జర్మనీలోని నోరిస్‌రింగ్‌లో డీటీఎం అనే టూరింగ్ కార్ల పోటీ చివరి రేసు జరిగింది. పాయింట్లలో ముందున్న 19 ఏళ్ల న్యూజిలాండ్ కుర్రాడు లియామ్ లాసన్ కారును మొదటి మలుపులోనే టైటిల్ ప్రత్యర్థి కెల్విన్ వాన్ డెర్ లిండే గుద్దాడు. లాసన్ రేసు అక్కడితో పాడైపోయింది. అప్పుడు మెర్సిడెస్ తన డ్రైవర్లు లుకాస్ ఆవర్‌కు, ఫిలిప్ ఎలిస్‌కు పక్కకు తప్పుకోమని చెప్పింది. వాళ్లు తప్పుకున్నారు. మెర్సిడెస్‌కే నడిపే మాక్సిమిలియన్ గోట్జ్ రేసూ గెలిచాడు, మూడు పాయింట్ల తేడాతో టైటిలూ గెలిచాడు. నవంబర్ 6న బహ్రెయిన్‌లో ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ ఆఖరి రేసు. జీటీఈ ప్రో అనే తరగతి టైటిల్ ఫెరారీదా, పోర్షేదా అని తేలాల్సిన చివరి నిమిషాల్లో ఫెరారీ డ్రైవర్ అలెస్సాండ్రో పియర్ గిడీ వెనకనుంచి తగలడంతో మైకేల్ క్రిస్టెన్సన్ నడుపుతున్న పోర్షే గిర్రున తిరిగింది. స్థానం తిరిగి ఇచ్చేయమని రేస్ కంట్రోల్ ఫెరారీకి చెప్పింది. ఆలోగా పోర్షే పిట్‌లోకి వెళ్లింది. తర్వాత ఆ ఆదేశాన్నే వెనక్కి తీసుకున్నారు. పోర్షే ప్రొటెస్టు చేస్తే తోసిపుచ్చారు. టైటిల్ ఫెరారీకి దక్కింది.

అక్టోబర్, నవంబర్, డిసెంబర్. నెలకొకటి. బహ్రెయిన్‌లో ఇచ్చిన ఆదేశం వెనక్కి తీసుకున్నా ఏమీ కాలేదు. అబూధాబీలో ఇచ్చిన సందేశం మార్చుకున్నా ఏమీ కాలేదు. ఒకసారి చెల్లిందంటే రెండోసారి చేయడానికి చెయ్యి వణకదు. సౌదీలో డిసెంబర్ 5న ఏం జరిగింది? వెర్‌స్టాపెన్ రీస్టార్ట్‌లో ఏ స్థానంలో నిలబడాలో స్టీవార్డుల విచారణ లేకుండానే తేల్చేద్దామని రేస్ డైరెక్టర్ రెడ్‌బుల్‌కు రేడియోలో ‘ఆఫర్’ ఇచ్చారు. సంతలో గేదె బేరంలా సాగిన ఆ సంభాషణ ప్రపంచమంతా విన్నది. అప్పుడే ఆయన్ను కూర్చోబెట్టి అడగాల్సిన మాటలు అడిగి ఉంటే, వారం తర్వాత ఈ పరిస్థితి వచ్చేదా? అబూధాబీకి ఇద్దరూ సరిగ్గా 369.5 పాయింట్లతో వచ్చారు. ఆ అరపాయింటు ఎక్కడిది? ఆగస్టులో బెల్జియంలోని స్పాలో వానలో తడుస్తూ గంటల తరబడి కూర్చున్న జనం కళ్లముందు, సేఫ్టీ కారు వెనక కార్లను ఊరికే తిప్పి, ఒక్క ల్యాపు కూడా రేసు జరపకుండా పంచిన సగం పాయింట్ల నుంచి వచ్చింది. జరగని రేసుకు పాయింట్లు ఇచ్చిన సీజన్ ఇలా ముగియడంలో ఆశ్చర్యమేముంది?

మరి ఇదే ఎఫ్‌ఐఏ చిన్న విషయాల్లో ఎంత కఠినంగా ఉంటుందో చూడండి. నవంబర్‌లో బ్రెజిల్‌లో హామిల్టన్ కారు వెనక రెక్కలో సందు 85 మిల్లీమీటర్లు దాటకూడదంటే 0.2 మిల్లీమీటరు దాటిందని క్వాలిఫయింగ్ నుంచి కొట్టేశారు. అక్కడే ప్రత్యర్థి కారు రెక్కను చేత్తో ముట్టుకున్నందుకు వెర్‌స్టాపెన్‌కు 50,000 యూరోల జరిమానా వేశారు. మన దేశంలోనే 2013 అక్టోబర్‌లో, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో సెబాస్టియన్ వెటెల్ నాలుగో టైటిల్ గెలిచిన ఆనందంలో గ్రాండ్‌స్టాండ్ ముందు కారును గుండ్రంగా తిప్పి పొగలు రేపాడు. మన జనం ఊగిపోయారు. కారు తీసుకుని నేరుగా రావాల్సిన చోటికి రాలేదని అతన్ని మందలించి, రెడ్‌బుల్ జట్టుకు 25,000 యూరోల జరిమానా వేశారు. రూలు రూలే అన్నారు. సరే. సంబరానికి రూలు, 0.2 మిల్లీమీటరుకు రూలు, చెయ్యి తగిలితే రూలు. ప్రపంచ ఛాంపియన్ ఎవరో తేలే ఆఖరి ల్యాపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘సర్వాధికారాలు’. డ్రైవర్ తప్పుకు కొలబద్ద ఒకటి, అధికారి తప్పుకు ఇంకొకటా?

ఇదే ఏడాది ఎవరి దయా లేకుండా గెలిచినవాళ్లూ ఉన్నారు. మోటార్‌సైకిళ్ల పోటీ మోటోజీపీలో ఫాబియో క్వార్టరారో ఫ్రాన్స్ నుంచి ఆ స్థాయిలో మొదటి ఛాంపియన్. మిసానోలో ముందు వెళ్తున్న ఫ్రాన్సెస్కో బన్యాయా తనంతట తాను జారిపడ్డాక తేలిన టైటిల్ అది. అమెరికా కార్ల పోటీ ఇండీకార్‌లో అలెక్స్ పలో స్పెయిన్ నుంచి మొదటివాడు. మోంజాలో సెబాస్టియన్ ఓజియే ఎనిమిదోసారి ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. ర్యాలీలో గడియారం చెప్పిందే తీర్పు. అమెరికాలోనే నాస్కార్ అనే మరో కార్ల పోటీ టైటిల్‌ను చివరి ఒక్క రేసుతో తేల్చడం చాలామందికి నచ్చదు, మాకూ అంతగా నచ్చదు. కానీ ఆ పద్ధతి సీజన్ మొదలయ్యేటప్పటికే అందరికీ తెలుసు. ఫీనిక్స్‌లో ఆఖరి పిట్‌స్టాప్‌లో కైల్ లార్సన్ మనుషులు వేగంగా పనిచేసి అతన్ని ముందుకు పంపారు, అతను గెలిచాడు, ఓడినవాళ్లు చెయ్యి కలిపారు. నచ్చకపోయినా ముందే రాసి ఉన్న రూలును జనం ఒప్పుకుంటారు. అప్పటికప్పుడు పుట్టిన రూలును ఎంత ఉత్కంఠ ఇచ్చినా ఒప్పుకోరు.

కబడ్డీ ఆఖరి కూతలో ఆటగాడు గీత తాకే క్షణాన అంపైర్ ఆ గీతనే జరిపితే మన ఊళ్లో ఒప్పుకుంటామా? పాయింటు వచ్చిన జట్టు మంచిదే అయినా ఒప్పుకోం. ఇది పారిస్ వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికీ లేదు. మన దేశ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ కూడా ఎఫ్‌ఐఏ గొడుగు కిందే ఉంది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో జెండా ఊపే అధికారులు పాటించేదీ ఆ అంతర్జాతీయ నియమావళినే. రేపు ఒక చిన్న రేసులో ఓ అధికారి తనకు తోచినట్టు కొన్ని కార్లను ముందుకు పంపి, ‘అబూధాబీలో చెల్లింది కదా’ అంటే ఆ కుర్రాడికీ, అప్పు చేసి ఆ కారు కొనిచ్చిన తండ్రికీ ఎవరు సమాధానం చెబుతారు?

2022 సీజన్‌లోపు సమగ్రంగా పరిశీలిస్తామని ఎఫ్‌ఐఏ అంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉంది. పైగా ముందే ‘అపార్థం’ అని తేల్చేసి, ఆ తర్వాత చేసే విచారణకు విలువేముంటుంది? పన్నెండేళ్లు అధ్యక్షుడిగా ఉన్న జాన్ టాడ్ 2021 డిసెంబర్ 17న దిగిపోయారు. గ్రాహం స్టోకర్ మీద గెలిచి మహమ్మద్ బెన్ సులాయెం ఆ కుర్చీలో కూర్చున్నారు. ఎవరు కూర్చున్నా మొట్టమొదట ఆ ‘అపార్థం’ అనే మాట వెనక్కి తీసుకోండి. 48.12ను ఎందుకు పాటించలేదో అధికారికంగా రాసి బయటపెట్టండి. వెనకబడిన కార్లలో ఆ ఐదింటిని ఏరింది ఏ నిబంధన కింద? సైంజ్ ముందున్నవాటిని ఆపింది ఏ నిబంధన కింద? నిబంధన నంబరు చెప్పండి. చెప్పలేకపోతే 0.2 మిల్లీమీటర్లు కొలవడానికి ఇకమీద ఏ గ్యారేజీలోకీ అడుగు పెట్టకండి.