అబ్సర్డ్ నాటకం మూలాలు యుద్ధంలోనా, స్కూల్ అల్లరిలోనా?

అబ్సర్డ్ డ్రామా, అంటే మామూలు కథా లాజిక్కూ లేకుండా అర్థంలేని మాటలతో, చేష్టలతో నడిచే నాటకం అనగానే మనవాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం, అణుబాంబు, ఫ్రెంచి రచయిత కామూ, జీవితానికి అర్థం లేదు అంటూ మొదలుపెట్టేస్తారు, అది తప్పని కాదు గానీ సగం కథే అనిపిస్తుంది నాకు. ఎందుకంటే స్టేజీ మీద ఈ పిచ్చంతా యుద్ధానికి దాదాపు యాభై ఏళ్ళ ముందే వచ్చేసింది, అదీ ఏ ఫిలాసఫీ పుస్తకంలోంచో కాదు, ఫ్రాన్స్‌లో రెన్ అనే ఊళ్ళో స్కూలు పిల్లలు తమ ఫిజిక్స్ మాస్టారిని వెక్కిరిస్తూ ఆడుకున్న బొమ్మలాటలోంచి.

ఆ పిల్లల్లో ఒకడు ఆల్ఫ్రెడ్ జారీ. 1896 డిసెంబర్ 10న పారిస్‌లో అదే మాస్టారు జారీ రాసిన నాటకంలో 'ఉబు రాజు' పాత్రగా మారి స్టేజీ ఎక్కాడు. మొదటి మాటే బూతు, దానికి ఒక అక్షరం ఎక్స్‌ట్రా తగిలించాడు కూడా, ఇంక హాలంతా ఒకటే గోల. అందరూ ఆ బూతు గురించే చెప్తారు కానీ, డైరెక్టర్ లూనే పోకి జారీ ముందే రాసిన ఉత్తరం ఇంకా ముఖ్యం: గుర్రం కావాలంటే మెడలో అట్ట తల వేలాడేస్తే చాలు, సీన్ మారిందని చెప్పడానికి ఒక బోర్డు, సైన్యం మొత్తానికీ ఒక్క సోల్జర్. అంటే నిజంలా కనపడాలన్న పట్టింపే వదిలేసి మనుషుల్ని బొమ్మల్లా ఆడించాడన్నమాట.

తర్వాత 1916లో జ్యూరిచ్‌లో డాడా వాళ్ళొచ్చారు, అంటే కళలో అర్థం, పద్ధతి అన్నవాటినే ఎగతాళి చేసిన గుంపు, 1926లో ఆర్తో, విత్రాక్ అనే ఫ్రెంచి నాటకాలవాళ్ళు తమ నాటక సంస్థకి ఏకంగా జారీ పేరే పెట్టుకున్నారు. అబ్సర్డ్ నాటకకర్తల్లో ఒకడైన అయొనెస్కో అయితే, జారీ కనిపెట్టిన ఉత్తుత్తి సైన్సు పేరుతో ఆయన అభిమానులు 1948లో పెట్టిన 'పటాఫిజిక్స్ కాలేజీ'లో మెంబరు. ఈయన మొదటి నాటకం ఇంగ్లీషు నేర్చుకునే పుస్తకంలోంచి పుట్టింది, అందులో సీలింగ్ పైన ఉంటుంది, ఫ్లోర్ కింద ఉంటుంది లాంటి వాక్యాలు చూసి మాటలు ఎలా కుప్పకూలిపోతాయో రాశాడు, తన లెక్కలో అది ట్రాజెడీ, తీరా జనం పగలబడి నవ్వితే ఈయనే ఆశ్చర్యపోయాడు.

1961లో మార్టిన్ ఎస్లిన్ అనే విమర్శకుడు తన పుస్తకంలో అయొనెస్కో, బెకెట్ లాంటి నాటకకర్తలందరికీ కలిపి 'అబ్సర్డ్' అని లేబుల్ వేసినప్పుడు ఈ పాత చరిత్రకి కూడా ఒక చాప్టర్ ఇచ్చాడు, మనమే అది వదిలేసి బెకెట్‌ని సంతాపసభలా ఆడుతున్నాం. బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' చివర్లో ఉరేసుకుందామని ఎస్ట్రగాన్ అనే పాత్ర నడుముకున్న తాడు విప్పితే పాంటు జారిపోతుంది, 1953లో మొదటిసారి ఆడినప్పుడు అది నడుం దగ్గరే ఆగిపోయిందని తెలిసి బెకెట్ డైరెక్టర్ రోజే బ్లాన్‌కి ఉత్తరం రాసి మరీ చెప్పాడు, మడమల దాకా పూర్తిగా జారాల్సిందేనని.