ఇంటి నంబరుకు పుట్టినరోజు

కర్నూలు నగరవాసులు తరతరాలుగా చేస్తూ వస్తున్న ఒక పెద్ద తప్పును ఇంతవరకూ ఎవరూ ఎత్తిచూపకపోవడం విచారకరం. మన పెద్దలు ఇళ్ళకు నంబర్లు వేసేటప్పుడు, ఆ నంబర్లు రేపు స్ప్రెడ్‌షీట్‌కు నచ్చుతాయో లేదో ఒక్కసారైనా ఆలోచించలేదు.

మా మరదలి పెళ్ళికి శుభలేఖలు పంచే సమయంలో, బంధువుల చిరునామాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే బాధ్యతను మామయ్య నాకు అప్పగించారు. బుధవారపేటలోని ఒక చుట్టం ఇంటి నంబరు 4-12-7 అని కొట్టి ఎంటర్ నొక్కగానే, ఆ గడిలో 04-12-2007 ప్రత్యక్షమైంది. మామయ్య కళ్ళజోడు సవరించుకుని, "ఏం నాయనా, వాళ్ళ ఇంటికి కూడా పుట్టినరోజు చేస్తారా?" అని అడిగారు. దిద్దుదామని ఆ గడిని 'టెక్స్ట్'గా మారిస్తే 39420 అని వచ్చింది. 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పట్టుకుని ఎక్సెల్ అనే ఆ స్ప్రెడ్‌షీట్ కట్టే లెక్క అది. ఆ లెక్కలో 1900 ఫిబ్రవరికి లేని 29వ తేదీ కూడా ఉంది; అంతకుముందే వాడుకలో ఉన్న లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్‌తో లెక్కలు సరిపోవాలని ఆ తప్పును తెలిసే ఉంచారు. మన పంచాంగకర్తలు అధికమాసం కలిపితే కారణం చెప్పి కలుపుతారు గానీ, లేని రోజును పుట్టించే ధైర్యం ఇంతవరకూ ఏ సిద్ధాంతికీ కలగలేదు.

అయినా సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘమే, ఎక్సెల్ వాటిని తేదీలుగా మారుస్తోందని, 2020 నాటికి మార్చ్1 అనే జన్యువును మార్చ్‌ఎఫ్1గా, సెప్ట్1ను సెప్టిన్1గా మార్చుకుంది. జన్యువే తలవంచినప్పుడు బుధవారపేట గడపకు ఇంత పంతం ఎందుకు? కాబట్టి ప్రతి ఇంటి నంబరుకూ ముందు 'ఇ' అనే అక్షరాన్ని తప్పనిసరి చేయాలని మనవి. 40-301 వంటి నంబరున్న వారికి మినహాయింపు ఇవ్వవచ్చు. నలభయ్యో తేదీ గల నెల ఇంకా పుట్టలేదు.

ఇక మామయ్య రెండో కోరిక నంబరు కన్నా జటిలమైనది. కవరు మీద అంటించే చీటీలో గృహస్థు పేరు బొద్దుగా (బోల్డ్‌లో), చిరునామా మామూలుగా ఉండాలన్నారు. చేత్తో కొట్టిన మాటల్లో సగం బొద్దు చేయవచ్చు. కానీ పేరునూ వీధినీ ఫార్ములాతో కలిపితే మాత్రం, బొద్దయితే గడి మొత్తం బొద్దు, లేకపోతే ఏదీ కాదు. సమానత్వాన్ని ఇంత నిష్ఠగా పాటించే వ్యవస్థ మన పెళ్ళిపందిట్లో కూడా కనపడదు. గడులను ఒకటిగా కలిపి, అందులోని మాటలను వరుసలుగా మడిస్తే అడ్డువరుస ఎత్తు దానంతట అది పెరగదు గనుక, కింది వరుసలోని ఒత్తులన్నీ తెగిపోయి, 'లక్ష్మమ్మ' గారు 'లకమ'గా మిగిలారు.

ఇంటి నంబర్ల సంస్కరణ కోరుతూ నగరపాలక సంస్థకు వినతిపత్రం సిద్ధం చేస్తున్నాను. అందులో కమిషనర్ గారి హోదా ఒక్కటే బొద్దుగా రావాలని మామయ్య పట్టుబడుతున్నారు. ఫార్ములా ఒప్పుకోవడం లేదు.