మహారాజశ్రీ మైకు స్టాండు గారికి

మహారాజశ్రీ మైకు స్టాండు గారి పాదసన్నిధికి (పాదమంటే ఆ గుండ్రటి ఇనుప పళ్ళెమే లెండి) నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

స్టాండప్ కామెడీ అన్న పేరులో మొదటి ముక్క మీదే. అయినా కమెడియన్ స్టేజీ ఎక్కగానే చేసే మొదటి పని మిమ్మల్ని పక్కకి నెట్టడం. పెళ్ళికొచ్చిన దూరపు బాబాయిని "మీరలా కూర్చోండి బాబాయ్" అని ఫ్యాను లేని మూల చూపించినట్టు. ఎవరి కమెడియన్ గొప్ప అని జనం ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు. ఆ తగువులో మీ దగ్గరున్నంత సాక్ష్యం ఇంకెవరి దగ్గరా లేదు. మైకు మోసేది మీరే గానీ ఒక్క మాట మాట్లాడరు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ నెట్టుడు సంగతి. పద్ధతిగా చేస్తే నాలుగు సెకన్ల పని. ఎడమ చేత్తో మీ మెడ పట్టుకోవాలి, కుడి చేత్తో మైకుని దాని వాలులోనే పైకి జార్చి తీయాలి. నేరుగా ముందుకి లాగితే క్లిప్పుతో పాటు మీరూ వచ్చేస్తారు. మైకు చేతికొచ్చాక మిమ్మల్ని వెనక్కి, ఓ పక్కకి జరపాలి. వైరు కాలికి చుట్టుకోకుండా ఒక్కసారి విదిలించాలి. అప్పుడు నోరు తెరవాలి. ఓపెన్ మైక్‌లో (ఎవరైనా ఎక్కి ప్రయత్నించే షో లెండి) కొత్తగా ఎక్కినవాడు ఇదంతా జోకు మొదలుపెట్టాక చేస్తాడు. సెటప్, అంటే పంచ్‌కి ముందు కట్టే పునాది, సగంలో ఉండగా టక్కుమని ఒక చప్పుడు, వెనకాలే "సారీ". అక్కడితో ఆ జోకు అయిపోయినట్టే. ఇంకొందరు మైకు తీసుకుంటారు గానీ మిమ్మల్ని ఎదురుగానే ఉంచేసి, ఐదు నిమిషాలూ ఆ సన్నటి గొట్టం చాటున దాక్కుంటారు. రాటకి కట్టేసిన మేకకైనా అంతకంటే స్వేచ్ఛ ఉంటుంది.

ఇక మీ నడుము దగ్గరి మర. ఎడమకి తిప్పితే వదులు, కుడికి తిప్పితే బిగుతు. ఈ రెండు ముక్కలు తెలియక ఎన్ని సెట్లు (కమెడియన్‌కి స్టేజీ మీద దక్కే వంతులు) మొదట్లోనే చచ్చాయో మీకు తెలుసు. హోస్టు తన గడ్డం ఎత్తుకి బిగించి పోతాడు. తర్వాత వచ్చే అమ్మాయి జానెడు పొట్టి. మర వదులు చేయడం తెలీక మునివేళ్ళ మీద నిలబడుతుంది. మర అరిగిపోతే ఇంకో సరదా: జోకు నడుస్తున్నంతసేపూ మీరు అంగుళం అంగుళం కుంగిపోతారు, పంచ్ వచ్చేసరికి మైకు ఛాతీ దగ్గరుంటుంది. కామెడీ అభిమానుల తగువంతా ఈ మర తగువే. ప్రతివాడూ తన ఎత్తుకి బిగించి పెట్టుకుని, మిగతా వాళ్ళందరికీ మెడ నొప్పి ఉందంటాడు.

అసలు మిమ్మల్ని వదలని కమెడియన్లూ ఉన్నారు. అమెరికన్ కమెడియన్ మిచ్ హెడ్‌బర్గ్ చూపు నేలమీద, జుట్టు మొహం మీద. ముందు జోకుకీ వెనక జోకుకీ చుట్టరికం ఉండదు. స్టీవెన్ రైట్‌దీ ఆ బాపతే: గొంతు లేవదు, మొహం కదలదు, వాక్యం మాత్రం చివర్లో కాలు జారి పడుతుంది. ఏకవాక్య జోకుల వాళ్ళకి చేతులతో పని లేదు. ఒక్క మాట అటూ ఇటూ అయితే కొంప మునుగుతుంది గనక శరీరం అడ్డం రాకూడదు. వీళ్ళని చూసి కొందరు "ఇదేం కామెడీ, వార్తలు చదువుతున్నట్టుంది" అంటారు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి మాత్రం ఇది కొత్త కాదు. మొహంలో కండరం కదలకుండా ఎదుటివాడి పరువు తీసే విద్య అక్కడ అరుగు మీదే నేర్పుతారు. స్టీవెన్ రైట్‌కి తెలుగొస్తే భీమవరంలో ఎవరూ టికెట్టు కొనరు. "ఇంట్లో మా మావయ్య రోజూ ఇదేగా" అంటారు.

రెండో రకానికి స్టేజీ అంతా కావాలి. క్రిస్ రాక్ ఈ చివర నుంచి ఆ చివరకి పచార్లు చేస్తూ అసలు మాటని రెండు మూడుసార్లు చెబుతాడు. మనకి మతిమరుపని కాదు. పునాది గట్టిగా లేకపోతే పంచ్ నిలబడదని. డేవ్ చాపెల్‌కి తన జోకుకి తనకే నవ్వొస్తే మైకుని తొడకేసి కొట్టుకుంటాడు. మైకు పాపం. జానీ లీవర్‌కైతే మైకు పట్టుకున్న చెయ్యి కూడా జోకులో పాత్రే. ఈయనది కనిగిరి మూలాలున్న తెలుగు కుటుంబం, ఇంటిపేరు జనుమల. బొంబాయి హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పై అధికారులని అనుకరించి నవ్వించినందుకు ఆ కంపెనీ పేరే ఈయనకి అంటుకుంది. ఆయన్ని ఇష్టపడేవాడికి మిచ్ హెడ్‌బర్గ్‌ని చూపిస్తే "ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతాడు. అది టేస్టు లేకపోవడం కాదు. నవ్వు ఒంట్లోంచి రావాలని ఒకడంటాడు, మాటలోంచి రావాలని ఇంకొకడంటాడు. అంతే తేడా.

కథలు చెప్పేవాళ్ళు మూడో బాపతు. ఇందోర్ కుర్రాడు జాకిర్ ఖాన్ 2025 ఆగస్టులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హిందీలోనే షో చేశాడు. నిమిషానికి ఎన్ని నవ్వులు అని వేళ్ళు మడిచే లెక్కగాళ్ళకి ఇక్కడ లెక్క తప్పుతుంది. నాలుగు నిమిషాలు నిశ్శబ్దం, ఆ తర్వాత ఆ బాకీ అంతా ఒక్కసారే తీరుతుంది. హరికథలో దాసుగారి పిట్టకథ పనిచేసేదీ ఇలాగే. కళ్ళనీళ్ళు వచ్చే ఘట్టానికి ముందు ఒక కోతి చేష్ట, శ్రోత కాస్త కాళ్ళు చాపుకుంటాడు. బుర్రకథలోనైతే దీనికో మనిషినే కేటాయించారు. ఒక పక్క రాజకీయ వంత, ఇంకో పక్క హాస్య వంత. నవ్వించే బాధ్యతని పని విభజనలో రాసిపెట్టిన జాతికి స్టాండప్ నిన్నగాక మొన్న వచ్చిందంటే మీకైనా నవ్వు రావాలి.

మైకు గురించి ఒక్క మాట, అది మీ బిడ్డ లాంటిదే కాబట్టి. ప్రపంచమంతా కామెడీ గదుల్లో కనిపించేది షూర్ ఎస్ఎం58, 1966 నుంచీ ఉన్న మోడలు. నోటికి రెండు మూడు వేళ్ళ దూరంలో పట్టుకోవాలి. మరీ దగ్గరైతే గొంతు లావెక్కుతుంది. మిమిక్రీ కళాకారులు రావణాసురుడి గొంతు పలికేటప్పుడు మైకుని మింగేస్తున్నట్టు దగ్గరికి తెచ్చుకునేది ఇందుకే. జాలీ గుండుని గుప్పిట్లో మూసి పట్టుకోవడం స్టైలనుకుంటారు కొందరు. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని కాదనడానికి ఆ గుండు వెనక చిన్న దారులుంటాయి. అవి మూస్తే మైకు అన్ని వైపులా వినడం మొదలెడుతుంది, స్పీకరు శబ్దం కూడా అందులో దూరి గదంతా కీచుమంటుంది. ఇక పెదవులు మూసి పలికే అక్షరాలన్నిటిలో భ, ప మరీ గాలి కొడతాయి. అందుకే "భార్య" అన్నా "పెళ్ళాం" అన్నా మైకులో భుప్పుమని మోగుతుంది. "మొగుడు" అంటే అలాంటిదేం ఉండదు. ముప్పయ్యేళ్ళుగా అవే పెళ్ళాం జోకులు వింటున్న మైకు ఇంతకంటే మర్యాదగా నిరసన ఎలా చెప్పగలదు?

ఒకే జోకు ఒక చోట పేలి ఇంకో చోట ఎందుకు చస్తుందో మీరు చూస్తూనే ఉన్నారు. చిన్న గది, తక్కువ ఎత్తు కప్పు, దగ్గర దగ్గరగా కుర్చీలు, జనం మీద చీకటి, స్టేజీ మీద ఒక్క లైటు. నవ్వు కప్పుకి తగిలి పక్కవాడి మీద పడాలి. చీకట్లో ఎవరు చూస్తున్నారన్న బెంగ ఉండదు. అదే జోకుని ఫంక్షన్ హాలుకో, అమెరికా తెలుగు సంఘాల బాంక్వెట్ రాత్రికో తీసుకెళ్ళండి. ముప్పై అడుగుల కప్పు, గుండ్రటి బల్లలు. సగం మంది వీపులు స్టేజీ వైపు, మిగతా సగం చూపులు గుత్తి వంకాయ వైపు. నవ్వు పైకెళ్ళి షాండ్లియర్‌లో చిక్కుకుని మళ్ళీ కిందకి రాదు. మర్నాడు "ఆ కమెడియన్‌లో పస లేదండీ" అని తీర్పు వస్తుంది. పస లేకపోవచ్చు కూడా. కానీ సగం నేరం కప్పుది.

ఇప్పుడు అసలు పేచీ: క్రౌడ్ వర్క్. ముందు వరుసలో కూర్చున్నవాడిని "ఏం చేస్తుంటారు?" అని అడగడం. హైదరాబాదులో దానికి "సాఫ్ట్‌వేర్" అన్న ఒక్క జవాబే ఉంది కాబట్టి ఆ తర్వాతి జోకు కూడా ఒక్కటే. ఫోన్లలో ఇవే వీడియో క్లిప్పులు ఎందుకు ముంచెత్తుతున్నాయో అభిమానులకి తెలియదు. రాసుకున్న గంట సరుకు పదును పెట్టడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. క్లిప్పు చేసి పెడితే అది ఆ రోజుతో కాలిపోయినట్టే, టికెట్టు కొన్నవాడు ముందే వినేసి ఉంటాడు. జనంతో మాటామంతీ అయితే ఆ పూటకి పుట్టి ఆ పూటే పోయేది, అందుకే బయట పారేసినా నష్టం లేదు. అంటే వీధిలో పంచిపెట్టేది చెరకు పిప్పి, రసం లోపల గ్లాసులో ఉంది. పిప్పి నమిలి వచ్చినవాడు మాత్రం ముందు వరుస టికెట్టు కొనుక్కుని, తనని ఎప్పుడు తిడతారా అని ఎదురుచూసి, తిట్టకపోతే తనే అరుస్తాడు. కట్టుకుంటూ వచ్చిన సెటప్ కూలిపోతుంది.

మన దగ్గర దీనికి పాత కొలత ఒకటుంది. అష్టావధానంలో ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకడు అప్రస్తుత ప్రసంగి. అవధాని నిషిద్ధాక్షరిలో అక్షరం కోసం వెతుకుతుంటే, సమస్యాపూరణకి పాదం అల్లుతుంటే, మధ్యలో దూరి "ఇంతకీ మీ ఇంట్లో వంటెవరు?" అని అడగడమే ఆయన ఉద్యోగం. అవధాని వెంటనే చమత్కారంగా బదులివ్వాలి, పద్యం మాత్రం చెదరకూడదు. అల్లరి చేసేవాడికి కుర్చీ, శాలువా, చేతిలో మైకు ఇచ్చి మరీ కూర్చోబెట్టిన ఏర్పాటది. అక్కడ పరీక్ష స్టేజీ మీద మాట్లాడేవాడికి. క్రౌడ్ వర్క్‌లో పరీక్ష కుర్చీలో కూర్చున్నవాడికి, పైగా వాడి చేతిలో మైకు లేదు. రసెల్ పీటర్స్ లాంటి చేయి తిరిగినవాడు ముందు వరుసని అడిగితే ఆ జవాబు పావుగంట తర్వాత ఇంకో జోకులో తిరిగొస్తుంది. దాన్నే కాల్‌బ్యాక్ అంటారు. చేయి తిరగనివాడు అడిగితే ఆ జవాబు అక్కడే పడి ఉంటుంది, షో అయ్యాక ఊడ్చేవాళ్ళు తీయాలి.

మీ వంశానికి ఒక్క పేరు మాత్రం దక్కింది: ఎన్నడూ అరెస్టు కాలేదు. అమెరికన్ కమెడియన్ లెనీ బ్రూస్‌కి స్టేజీ మీద బూతులకి 1964లో న్యూయార్క్‌లో శిక్ష పడింది, చనిపోయిన 37 ఏళ్ళకి, 2003లో క్షమాభిక్ష వచ్చింది. జార్జ్ కార్లిన్‌ని 1972లో మిల్వాకీలో ఏడు బూతు మాటల కోసం పట్టుకెళ్ళారు. మునవ్వర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇందోర్‌లో పట్టుకెళ్ళారు. మరుసటి ఏడాది ఆగస్టులో హైదరాబాదు శిల్పకళావేదికలో ఆయన షో పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. అన్నిచోట్లా మీ వాళ్ళు పక్కనే నిలబడి ఉన్నారు, ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు.

కాబట్టి మనవి ఏమంటే, ఇకపై సెట్టు అయ్యాక మిమ్మల్ని మళ్ళీ నడిమధ్యకి తెచ్చి, మైకుని క్లిప్పులో పెట్టి దిగనివాడికి వచ్చే వారం స్పాట్ ఇవ్వకండి. చప్పట్లు ఆగేలోపు హోస్టు పరిగెత్తుకొచ్చి మిమ్మల్ని వెతుక్కోవడం, చప్పట్లు ఆగిపోయాక దొరకడం ప్రతివారం చూడలేకపోతున్నాం.

ఇట్లు,
మూడో వరుసలో, గోడ పక్కన, కావాలనే అక్కడ కూర్చునే ఒక టికెట్టుదారు.

తా.క.: మీ మెడ దగ్గర మర సైజు మార్చే చిన్న ఇత్తడి ఉంగరం మళ్ళీ పోయింది. అది లేకుండా క్లిప్పుని కాగితం చుట్టి బిగించారు. శనివారం షోలో ఎవరైనా కాస్త గట్టిగా నవ్విస్తే ఊడి పడేలా ఉంది. ప్రస్తుతానికి ఆ భయమేం లేదనుకోండి.