డిస్కును బయటకు లాగే ముందు దాని సీరియల్ నంబరు చేతిలో ఉండాలి

హార్డ్‌వేర్ రెయిడ్ (అనేక డిస్కులను ఒక ప్రత్యేక కార్డు ద్వారా కలిపి వాడే పద్ధతి) వెనుక ఉన్న డిస్కును కేవలం స్లాటు (డిస్కును దూర్చే చోటు) అంకె చూసి బయటకు లాగడం, సర్వర్ల నిర్వహణలో మనం ఇంకా సహిస్తూ వస్తున్న అత్యంత ప్రమాదకరమైన అలవాటు అని నా అభిప్రాయం. రెయిడ్ 5 అనే రకంలో ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది. కానీ ఆ స్థితిలో పోయిన డిస్కును వదిలేసి పక్కనున్న మంచి డిస్కును లాగితే అర్రే, అంటే కలిపిన ఆ డిస్కుల సమూహం, అక్కడికక్కడే ఆగిపోతుంది. దాన్ని తిరిగి నిలబెట్టడం సాధ్యమే కావచ్చు, కాకపోవచ్చు. ఆ సందిగ్ధంలోకి ఎవరూ తెలిసి తెలిసి అడుగుపెట్టకూడదు. డిస్కులు చెడిపోతాయని తెలిసే రెయిడ్‌ను రూపొందించారు. తప్పు డిస్కు మీద పడే చేతిని ఆపే ఏర్పాటు మాత్రం అందులో లేదు.

ఈ చిక్కుకు మూలం ఆ రెయిడ్ కార్డు, అంటే కంట్రోలర్, పనిచేసే తీరులోనే ఉంది. ఎనిమిది డిస్కులను కలిపి కంట్రోలర్ ఒక వర్చువల్ డిస్కును తయారుచేసి, దాన్ని మాత్రమే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్‌కు చూపిస్తుంది. లినక్స్‌కు అది ఎస్‌డీఏ అనే ఒకే పరికరం. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశాన్ని మోడల్ వివరం అడుగుతూ నడిపితే ఆ చోట డిస్కు తయారీదారు పేరు రాదు, కంట్రోలర్ పేరు వస్తుంది. డిస్క్ బై-ఐడీ డైరెక్టరీలో కనిపించే డబ్ల్యూడబ్ల్యూఎన్ (పరికరానికిచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) కూడా ఆ వర్చువల్ డిస్కుదే; దాన్ని ఏ డిస్కు మీది స్టిక్కరుతో పోల్చి చూసినా సరిపోలదు. అదే ఎండీఆడమ్ అనే లినక్స్ సాధనంతో కట్టిన సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో అయితే ప్రతి డిస్కూ తన సీరియల్ నంబరుతో సహా నేరుగా కనిపిస్తుంది. బ్యాటరీ అండగా ఉన్న క్యాష్ (తాత్కాలిక మెమరీ) వల్ల హార్డ్‌వేర్ రెయిడ్‌కు రాతల్లో వచ్చే వేగాన్ని నేను కాదనను. అయితే ఆ వేగం కోసం డిస్కుల గుర్తింపును ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి దాచవలసిన అవసరం ఎక్కడుందో ఏ తయారీ సంస్థా నాకు నచ్చేలా చెప్పలేదు.

ఈ తెరను దాటి చూడడానికి మనకున్న స్వేచ్ఛా సాధనాల్లో డిస్కుల ఆరోగ్యం చూసే స్మార్ట్‌మాన్‌టూల్స్‌ను మించినది లేదు. అందులోని స్మార్ట్‌సీటీఎల్ ఆదేశానికి డీ ఆప్షన్‌తో కంట్రోలర్ రకాన్నీ, డిస్కు అంకెనూ ఇస్తే అది ఎస్‌డీఏ వెనుకకు వెళ్లి అసలు డిస్కును పలకరిస్తుంది. ఎల్‌ఎస్‌ఐ వంశపు కార్డులకూ, డెల్ పెర్క్ కార్డుల్లో అధిక భాగానికీ మెగారెయిడ్ అని, హెచ్‌పీ స్మార్ట్ అర్రే కార్డులకు సీసీఐఎస్‌ఎస్ అని ఇవ్వాలి. అరెకా, త్రీవేర్, అడాప్టెక్ కార్డులకూ వేరువేరు పేర్లున్నాయి. ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మెగారెయిడ్ అనే మాట తర్వాత ఇచ్చే అంకె స్లాటు అంకె కాదు, కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ డిస్కుకు తానే కేటాయించిన డివైస్ ఐడీ. ఈ రెండూ ఒక సర్వర్‌లో కలిసిపోవచ్చు, పక్క సర్వర్‌లో విడిపోవచ్చు. ఒక డిస్కును మార్చాక అదే స్లాటులోని కొత్త డిస్కుకు కొత్త ఐడీ రావచ్చు. అప్పుడు డిస్కులను నిరంతరం గమనించే స్మార్ట్‌డీ కాన్ఫిగరేషన్‌లో మనం ఎప్పుడో రాసిపెట్టిన అంకె ఇప్పుడు లేని డిస్కును వెతుకుతూ ఉంటుంది, కొత్త డిస్కును ఎవరూ చూడరు. డిస్కు మార్చిన ప్రతిసారీ ఆ ఫైలును సరిచూడడం మార్పిడి పనిలో భాగంగానే ఉండాలి.

తయారీ సంస్థల సొంత సాధనాల గురించి నా అసంతృప్తిని దాచుకోను. హెచ్‌పీ కార్డుల సాధనం మొదట హెచ్‌పీఏసీయూసీఎల్‌ఐ, తర్వాత హెచ్‌పీఎస్‌ఎస్‌ఏసీఎల్‌ఐ, ఆపైన ఎస్‌ఎస్‌ఏసీఎల్‌ఐ అయింది. ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొన్నది, 2016లో అవాగో బ్రాడ్‌కామ్ పేరు పెట్టుకుంది. ఆ కార్డులకు మెగాసీఎల్‌ఐ స్థానంలో స్టోర్‌సీఎల్‌ఐ వచ్చింది, డెల్ దాన్నే పెర్క్‌సీఎల్‌ఐ పేరుతో ఇస్తుంది. ఒక్కొక్కదానికి ఒక్కో వ్యాకరణం. అర్ధరాత్రి అలారం మోగినప్పుడు మనిషి చేయవలసిన పని డేటాను కాపాడడం. ఆ కార్డుకు ఏ పేరు సాధనం పనికివస్తుందో, దాన్ని ఎక్కడి నుంచి దింపుకోవాలో వెతకడం కాదు. కాబట్టి సర్వర్‌ను పనిలో పెట్టే రోజే సరైన సాధనాన్ని అందులో ఉంచి, అది నిజంగా డిస్కుల జాబితాను చూపిస్తోందో లేదో చూసుకోవాలి.

స్టోర్‌సీఎల్‌ఐలో ఎన్‌క్లోజర్ (డిస్కుల పెట్టె), స్లాటు అంకెలిచ్చి స్టార్ట్ లొకేట్ అంటే ఆ బే (డిస్కు గది) దగ్గరి దీపం మెరుస్తుంది. స్మార్ట్ అర్రేలో పోర్టు, బాక్సు, బే అనే మూడు భాగాల చిరునామా ఇచ్చి ఎల్‌ఈడీని వెలిగించవచ్చు. ఇది మంచి సౌకర్యమే గానీ దీని మీదే ఆధారపడకూడదు. డిస్కులు గుచ్చే బోర్డు, అంటే బ్యాక్‌ప్లేన్, సహకరించకపోతే దీపం వెలగదు. పూర్తిగా చచ్చిపోయిన డిస్కును కంట్రోలర్ జాబితా నుంచే తీసేస్తే వెలిగించడానికి చిరునామాయే మిగలదు. అటువంటప్పుడు మిగిలిన మంచి డిస్కుల దీపాలన్నీ వెలిగించి, వెలగని బేను పట్టుకోవడం ఉత్తమం. చదివే పని పెట్టి ఏ దీపం ఆడుతోందో చూసే పాత ఉపాయం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే వర్చువల్ డిస్కును చదివితే అందులోని డిస్కుల దీపాలన్నీ కలిసి ఆడతాయి. పైగా సాఫ్ట్‌వేర్ స్లాట్లను 0 నుంచి లెక్కపెడుతుంటే పెట్టె మీద అచ్చువేసిన అంకెలు 1 నుంచి మొదలయ్యే సందర్భాలున్నాయి. ఫోన్‌లో ఒకరు "స్లాట్ 3" అని చెబితే ర్యాక్ ముందు నిలబడిన వ్యక్తి చేయి పక్క డిస్కు మీదకు వెళ్లడానికి ఆ ఒక్క అంకె తేడా చాలు.

సీరియల్ నంబరు ఈ గందరగోళానికి అతీతమైనది. స్లాటు మారినా, ఐడీ మారినా, కార్డు మారినా అది మారదు. చిక్కేమిటంటే అది డిస్కు ఒంటి మీద ఉంటుంది, ట్రేలో అమర్చి లోపలికి తోశాక బయటికి కనిపించదు. అందుకే సర్వర్ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, డిస్కులు బిగించే దశలోనే, ప్రతి ట్రే ముందు భాగంలో సీరియల్ నంబరులోని చివరి కొన్ని అక్షరాలను చిన్న చీటీ మీద అతికించాలని నేను కోరుతున్నాను. గాలి రంధ్రాలను మూయకుండా అతికిస్తే చాలు. దానితో పాటు సీరియల్ నంబరు, స్లాటు, డివైస్ ఐడీ మూడూ ఉన్న పట్టికను ఆ సర్వర్‌లో కాకుండా వేరే చోట భద్రపరచాలి, ఎందుకంటే అర్రే పడిపోతే అందులోని పట్టిక కూడా దానితోపాటే పోతుంది.

మార్పిడి వేళ పాటించవలసిన క్రమం కూడా ఉంది. చెడిపోబోతున్నట్టు హెచ్చరిస్తూనే ఇంకా ఆన్‌లైన్‌లో ఉన్న డిస్కును అలాగే లాగకూడదు. ముందు అదే అర్రేలో ఇంకే డిస్కుకైనా మీడియా ఎర్రర్లు (చదవడంలో, రాయడంలో తప్పులు) పెరుగుతున్నాయేమో చూడాలి. పెరుగుతుంటే మార్పిడి కంటే ముందు బ్యాకప్ సంగతి చూసుకోవాలి. ఆ తర్వాత పట్టికలోని సీరియల్ నంబరును కంట్రోలర్ చెప్పిన దానితో పోల్చి, ఆ డిస్కును సాధనం ద్వారా ఆఫ్‌లైన్ చేసి, దీపం వెలిగించి, ట్రే మీది చీటీని గట్టిగా చదివి అప్పుడు లాగాలి. ర్యాక్ దగ్గర ఒకరు, తెర ముందు ఒకరు ఉంటే చదివేది ర్యాక్ దగ్గరి వ్యక్తి, సరిచూసేది తెర ముందు వ్యక్తి కావాలి. తెర ముందున్న వారు నంబరు చెప్పి, రెండోవారు "అవునండీ" అంటే అది సరిచూడడం కిందికి రాదు. చీటీ లేకపోతే, ఉన్నది నంబరుతో కలవకపోతే, ఆ డిస్కును ముట్టుకోకుండా పని అక్కడే ఆపే అధికారం ర్యాక్ దగ్గర నిలబడిన వ్యక్తికి ఉండాలి.