సిస్టర్ ముందు పది నిమిషాలు

(తిరుపతి, బైరాగిపట్టెడ. శనివారం ఉదయం. ఐదో తరగతి కొడుకు చదివే మిషన్ స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. మునిరత్నం చేతిలో లడ్డూల కవరు. సుగుణ చేతిలో పెన్ను, కాగితం.)

సుగుణ: ఆ లడ్లు ఎవరికి?

మునిరత్నం: సిస్టర్‌కి. ఒట్టి చేతుల్తో ఎట్లా పోయేది? అట్లే ఫీజు సంగతి కూడా కదిలిస్తా.

సుగుణ: ఫీజుకు ఆఫీసులో వేరే కిటికీ ఉంది. మనకిచ్చేది పది నిమిషాలు. పోయినసారి అదంతా మీరు చెప్పుల్లేకుండా బడికి నడిచిపోయిన కథకే సరిపోయింది. పాపం, క్లాస్ మిస్ వాచీ చూసుకుంటానే ఉంది.

మునిరత్నం: ఈసారి ఒకటే మాట. “లెక్కల్లో తగ్గితే తోలు తీయండి సిస్టర్” అని చెప్పి వచ్చేస్తా.

సుగుణ: బాగుంది! పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, 17వ సెక్షన్.

మునిరత్నం: మా కాలంలో ఏ సెక్షనూ లేదు. అందుకే నేనింతవాణ్ణయినా.

సుగుణ: ఎంతవారు?

(మునిరత్నం చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అవి కాళ్లకే ఉన్నాయి.)

మునిరత్నం: మా చెల్లెలి కొడుకుది గవర్నమెంటు బడి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా మీటింగ్ పెట్టినారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగే పోటీ, పైన భోజనం. మీ సిస్టర్లేమో ప్రార్థన చేయించి నేరుగా మార్కుల్లోకి దిగుతారు.

సుగుణ: తాడు లాగుడు మనకు ఇంట్లో రోజూ ఉన్నదే కదా.

మునిరత్నం: ఏం రాసినావు ఆ కాగితంలో?

సుగుణ: వాడు అర్థం కాకపోతే చేయెత్తి అడుగుతున్నాడా? భిన్నాల్లో ఎక్కడ ఆగిపోతున్నాడు, ఎల్‌సీఎం తీసే దగ్గరా, కూడే దగ్గరా? ఇంట్లో రోజూ పావుగంట మనం ఏం చేయించాలి?

మునిరత్నం: ర్యాంకు?

సుగుణ: ప్రోగ్రెస్ కార్డులో ఉంది. చదవడం వచ్చినవాళ్లకి కనిపిస్తుంది. వాణ్ణి కూడా తీసుకెళ్దాం.

మునిరత్నం: వాడు పక్కనుంటే వాడి మీద చాడీలు చెప్పేదెట్లా?

సుగుణ: అందుకే తీసుకెళ్దామంటున్నా. ఇదిగో, మీటింగ్ లెటర్ మీద బైబిల్ మాట కూడా వేశారు, యాకోబు పత్రికలోది. వినడానికి తొందరపడాలట, మాట్లాడ్డానికి నిదానించాలట. మీ గురించి ఎవరు చెప్పారో వాళ్లకి!

మునిరత్నం: (కళ్లజోడు పెట్టుకుని) ఉండుండు. బొటనవేలు తియ్యి. దాని కింద ఇంకో ముక్క ఉంది. కోపానికి కూడా నిదానించాలంట! అది ఎవరి గురించో?

(సుగుణ లెటర్ మడిచి బ్యాగులో పెట్టేసింది. ఇంత వేగంగా ఆవిడ ఏదీ మడవదు, ఉతికిన బట్టలతో సహా.)

సుగుణ: టైమవుతోంది, నడవండి.

మునిరత్నం: నీ ప్రశ్నల్లో ఒకటి లేదు. మధ్యాహ్నం వాడు ఎవరి పక్కన కూర్చుని తింటాడు?

సుగుణ: అదెందుకిప్పుడు?

మునిరత్నం: ఈ మధ్య క్యారియర్ సగానికి సగం వెనక్కి వస్తా ఉంది. నువ్వు కూర మార్చినావు, నేను డబ్బా మార్చినా. అయినా అంతే. మొన్న అడిగితే “ఆకలి లేదు నాయనా” అన్నాడు. ఇంటికొచ్చినాక మూడు దోసెలు తిన్నాడు. ఆకలి లేనోడు తినే తిండేనా అది?

(సుగుణ ఏమీ అనలేదు. పెన్ను మూత తీసి, ఎల్‌సీఎం పైన ఉన్న కాస్త జాగాలో రాసుకుంది.)

సుగుణ: ఇది ముందు అడగాలి. మీరే అడగండి.

మునిరత్నం: నేనా? మరి పదిలో నాకెన్ని నిమిషాలు?

సుగుణ: నాలుగు. అందులో రెండు ఆవిడ చెప్పేది వినడానికి.

మునిరత్నం: నాలుగేనా! కన్నతండ్రిని!

సుగుణ: బేరమాడితే మూడు. బండి తీయండి.