ఐరోపా కత్తిసాముకు శాస్త్రం లేదన్న వాదనకు ఖండన

ఐరోపా యోధుల ఖడ్గాలు పది పదిహేను కిలోలు తూగేవనీ, వాటితో మోదడానికి కండబలం తప్ప విద్య అక్కర్లేదనీ, కత్తిసాము ఆసియా దేశాలకే తెలుసనీ, ఐరోపా పాత పుస్తకాల్లో కత్తి అలుగును చేత్తో పట్టుకుని పోరాడే బొమ్మలు చిత్రకారుల ఊహలనీ చెప్పే సందేశం ఒకటి చాలాకాలంగా తిరుగుతోంది. ఆ పుస్తకాల మీద ఇష్టం ఉన్నందువల్ల దీన్ని చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

బరువు సంగతి తేలికగానే తేలుతుంది. మ్యూజియాల్లో తూచి చూసిన రెండు చేతుల కత్తులు చాలావరకు కిలోన్నరకు అటూ ఇటూ ఉన్నాయి. ఊరేగింపుల కోసం చేయించిన కత్తులు కొన్ని అంతకు మూడింతలు తూగుతాయి గానీ, వాటిని పట్టుకుని ఎవరూ యుద్ధానికి వెళ్లలేదు.

విద్య లేదన్న మాట ఇంకా పెద్ద పొరపాటు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో భద్రంగా ఉన్న, 1300 తరువాత కొద్ది కాలానికే రాసిన లాటిన్ వ్రాతప్రతిలో ఒక మతగురువు తన శిష్యుడికి కత్తి, చిన్న డాలుతో సాము నేర్పుతాడు. చివరి పుటల్లో శిష్యుడి స్థానంలో వాల్‌పుర్గిస్ అనే స్త్రీ నిలుస్తుంది. సుమారు 1410లో ఇటలీకి చెందిన ఫియోరే దేయి లిబెరి కూర్చిన గ్రంథం కుస్తీ పట్లతో మొదలై బాకు, ఖడ్గం, ఈటె, గుర్రపు స్వారీ పోరు దాకా సాగుతుంది. అందులో ఎదుటివాడి దాడికి విరుగుడు చూపే గురువు తలపై బంగారు కిరీటం, ఆ విరుగుడును కొనసాగించే శిష్యుడి మోకాలి కింద బంగారు పట్టీ, ఆ విరుగుడుకూ విరుగుడు చెప్పేవాడికి రెండూ ఉంటాయి కాబట్టి, చదువు రానివాడు సైతం ఎవరిది పైచేయో బొమ్మ చూసి చెప్పగలడు. మరో పుటలో ఒక మనిషి చుట్టూ నాలుగు జంతువులుంటాయి: వృత్తలేఖిని పట్టిన లింక్స్ అనే అడవిపిల్లి జాతి జంతువు వివేకానికి, బాణం పట్టిన పులి వేగానికి, గుండెను పట్టిన సింహం ధైర్యానికి, వీపున కోట మోసే ఏనుగు స్థైర్యబలానికి గుర్తులు. అంటే బలం నాలుగింటిలో ఒకటి మాత్రమే, అదీ పాదాల దగ్గర. 1553లో రోమ్‌లో పుస్తకం అచ్చు వేయించిన కామిల్లో అగ్రిప్పా వృత్తిరీత్యా వాస్తుశిల్పి కనుక, చేయి చాచిన దూరాన్ని రేఖాగణితంతో వివరించాడు.

ఇక అలుగును పట్టుకోవడం గురించి. ఉక్కు కవచం మీద వాదర దెబ్బ తెగదు. చంకలోనో, ముఖకవచపు సందులోనో మొన దూర్చాలి. అందుకు కుడిచేయి పిడి మీద, ఎడమచేయి అలుగు నడుమ ఉంచితే కత్తి పొట్టి బల్లెంలా గురి తప్పకుండా నడుస్తుంది. వాదర చేతిని కోసేది ముఖ్యంగా జారినప్పుడు కాబట్టి, జారకుండా బిగించి పట్టడమే ఇందులోని మెలకువ.

జర్మన్ గురువు హాన్స్ తాల్‌హోఫర్ 1459 నాటి ప్రతిలో నీటిలో మునిగేవాడి దుస్తుల వంటి వింతలూ ఉన్న మాట నిజమే. వాటిని అనుమానించడంలో తప్పు లేదు. అయితే అలుగును పట్టే ఈ పట్టు ఆయన పుస్తకాల్లోనే కాక, అర్ధశతాబ్దం ముందే ఆల్ప్స్ పర్వతాలకు దక్షిణాన ఇటలీలో, ఫియోరే పుటల్లోనూ కనిపిస్తుంది.